20 లీటర్ల క్యాన్ నీళ్ళు: రెండేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి ఎంతవరకు పనికొస్తాయి?

"ప్లాంటు నీళ్ళే తాగిస్తున్నామండీ, అయినా నెల తిరక్కుండా మోషన్స్ పట్టుకుంటున్నాయి." పిల్లల ఆస్పత్రి వరండాలో ఏ రోజు నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది. క్యాన్‌కి డబ్బులు పెడుతున్నాం కాబట్టి నీళ్ళ సంగతి తేలిపోయిందని ఇంట్లో అందరికీ ధీమా. ఆ ధీమా ఎంతవరకు నిలుస్తుందో చూడ్డానికే ఈ రివ్యూ. ఏ ఒక్క కంపెనీ గురించీ కాదు. ఊళ్ళోని ఆర్వో ప్లాంటులో నింపి, ఆటోలో తెచ్చి గుమ్మం దగ్గర దింపే 20 లీటర్ల క్యాన్ గురించి, దాన్ని కొందరు బబుల్ అంటారు, కొందరు టిన్ను అంటారు. ఇంట్లో పాకే బిడ్డ ఉంటే ఈ నీళ్ళు ఆ బిడ్డ కడుపుకి, ఎదుగుదలకి ఎంత మేలు చేస్తాయన్నదే ఇక్కడ లెక్క.

మార్కులు ముందే చెప్పేస్తాం. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ గానీ ఉప్పదనం గానీ ఎక్కువగా ఉన్న ఊళ్ళో 5కి 4. క్లోరిన్ కలిపిన నది నీళ్ళు కుళాయిలో సక్రమంగా వచ్చే చోట 5కి 2. పెద్దవాళ్ళ కాఫీ రుచికైతే రెండు చోట్లా 5కి 5.

ప్లాంటు దగ్గర మనమే పట్టుకుంటే చాలా ఊళ్ళలో క్యాన్ 5 నుంచి 10 రూపాయలు, ఇంటికి తెచ్చిస్తే ఊరినిబట్టి 15 నుంచి 30 దాకా. నలుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకీ కలిపి రోజుకు పది లీటర్లు వేసుకుంటే నెలకు పదిహేను క్యాన్లు, అంటే 20 రూపాయల లెక్కన 300. ఈ 300 గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ప్లాంటు లోపల జరిగేది

బోరు నీళ్ళు ముందు ఇసుక ఫిల్టర్‌లోంచి, తర్వాత కార్బన్ ఫిల్టర్‌లోంచి వెళ్తాయి. ఆ తర్వాత సన్నటి మురికిని ఆపే 5 మైక్రాన్ల కాట్రిడ్జ్, ఆపైన హై ప్రెషర్ పంపు, మెంబ్రేన్లు, అంటే అతి సన్నటి జల్లెడలాంటి పొరలు. మెంబ్రేన్ దాటిన నీళ్ళు స్టీలు ట్యాంకులోకో ప్లాస్టిక్ ట్యాంకులోకో చేరతాయి. అక్కణ్ణుంచి సూక్ష్మజీవుల్ని చంపే యూవీ (అతినీలలోహిత) లైటు కిందుగా కుళాయికి వస్తాయి. మెంబ్రేన్ చేసే పని నిజంగా గొప్పది. ఉప్పు, ఫ్లోరైడ్, నైట్రేట్ చాలావరకు ఆగిపోతాయి, బాక్టీరియా, వైరస్‌లు కూడా అందులోంచి దాటలేవు. మెంబ్రేన్ నుంచి అప్పుడే బయటికొచ్చిన నీళ్ళకి వంక పెట్టడానికి లేదు.

గొడవంతా ఆ తర్వాతే. క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ పాడవుతుంది, అందుకని ముందే కార్బన్ ఫిల్టర్ దాన్ని పీల్చేస్తుంది. యూవీ లైటు తన కింద ఉన్న క్షణంలోనే పని చేస్తుంది, దాటిన నీళ్ళలో ఏమీ మిగల్చదు. కాబట్టి క్యాన్‌లోకి దిగిన నీళ్ళు శుభ్రంగానే ఉంటాయి గానీ వాటికి కాపలా ఉండదు. తర్వాత ఒక్క మురికి చెయ్యి తగిలినా, మూత సందులోంచి ఒక్క చుక్క పడినా, లోపల చేరిన సూక్ష్మజీవుల్ని ఆపేది ఏదీ లేదు. మున్సిపల్ నీళ్ళలోనో, మిషన్ భగీరథ నీళ్ళలోనో ఉండే బ్లీచింగ్ వాసనే ఆ కాపలా. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం వాడే చోటికి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఆ వాసన పడకే మనవాళ్ళు నల్లా నీళ్ళు బట్టలకి పెట్టి, క్యాన్ నీళ్ళు పిల్లలకి పోస్తున్నారు.

ప్లాంటు దగ్గరే తేడా చేసేవి ఇంకొన్ని ఉన్నాయి. కాట్రిడ్జ్ తెల్లగా ఉండాలి. పారదర్శకమైన గొట్టంలోంచి చూస్తే ఇటుక రంగులో కనబడుతుంటే దాన్ని మార్చి చాలా కాలమైందని అర్థం. యూవీ ట్యూబు వెలుగుతున్నా లోపల కిరణాల బలం తగ్గిపోతుంది, కాబట్టి ఏటా మార్చాల్సిందే. నింపిన నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగారని అడిగితే "మొన్ననే" అని కాకుండా తేదీ చెప్పగలిగే ప్లాంటునే నమ్మండి.

క్యాన్, దాని మెడ, దాని కుళాయి

ఈ సర్వీసులో బలహీనమైన లంకె క్యానే. ఒకే క్యాన్ ఇవాళ మీ ఇంటికి, రేపు టిఫిన్ సెంటర్‌కి, ఎల్లుండి కూలీలు పనిచేసే సైటుకి వెళ్తుంది. కొన్ని ప్లాంట్లలో బయట బ్రష్షు పట్టి రుద్దుతారు, లోపల మాత్రం అర గ్లాసు నీళ్ళు పోసి కుదిపి పారబోస్తారు.

తీసుకునే ముందు రెండు పరీక్షలు చాలు. ఫోన్ టార్చ్ వేసి లోపల చూడండి: మూలల్లో పచ్చటి నీడ కనబడితే పాచి, అంటే క్యాన్ ఎండలో పడి ఉంది. తర్వాత ఖాళీ క్యాన్ మెడ లోపలి అంచున శుభ్రంగా కడుక్కున్న వేలు పెట్టి రుద్దండి. ప్లాస్టిక్ గరగరలాడితే మంచిదే. సబ్బు రాసినట్టు జారిందంటే అది సూక్ష్మజీవులు అల్లుకున్న జిగురు పొర. నీళ్ళు పోసి కుదిపితే ఆ పొర వదలదు, బ్రష్షుతో రుద్దితే గానీ ఊడదు. అలాంటి క్యాన్‌లో ఎంత మంచి నీళ్ళు పోసినా దండగే.

ఒక మంచి అలవాటు చెప్తాం: సొంత క్యాన్లు రెండు కొనుక్కుని వాటిలోనే నింపించుకోండి. వారానికోసారి లీటరు నీళ్ళలో క్లోరిన్ టాబ్లెట్ ఒకటి (20 లీటర్లకు ఒకటి అని పట్టీ మీద రాసి ఉండేది) కరిగించి క్యాన్‌లో పోయండి. అన్ని వైపులా తగిలేలా తిప్పి, అరగంట ఆగి పారబోసి, మంచి నీళ్ళతో ఓసారి కడిగేయండి. ముందు జిగురు పొర రుద్ది తీసేస్తేనే ఇది పనిచేస్తుంది, లేకపోతే క్లోరిన్ అంతా ఆ పొర మీదే ఖర్చైపోతుంది.

ఇక డిస్పెన్సర్. క్యాన్ బోర్లించి పెట్టే మట్టి కుండ డిస్పెన్సర్ అందంగా ఉంటుంది, నీళ్ళు చల్లగా ఉంటాయి. కానీ దాని కుళాయి లోపల నల్లటి జిగురు చేరినంతగా ఇంట్లో ఇంకెక్కడా చేరదు. కుళాయి విప్పి లోపలి రబ్బరు వాషర్ తీసి చూస్తే తెలుస్తుంది. వారానికోసారి విప్పి, పాత టూత్ బ్రష్షుతో సబ్బు పెట్టి రుద్ది, వేడి నీళ్ళలో ముంచి బిగించండి. కుళాయి కొసని పిల్లలు నోట్లో పెట్టుకోవడం మామూలే, అందుకని రోజూ తుడవండి. కుండ, స్టీలు డ్రమ్ము ఏదైనా సరే, చెంబు ముంచి తీసుకునే పద్ధతి మానేయండి. చెంబు ముంచినప్పుడల్లా వేళ్ళు మునుగుతాయి. కుళాయి లేని పాత్రైతే పొడవాటి కాడ ఉన్న గరిటె దానికోసమే విడిగా తగిలించి ఉంచాలి.

టీడీఎస్ మీటరు చెప్పనిది

క్యాన్ తెచ్చే కుర్రాడు జేబులోంచి పెన్ను లాంటి మీటరు తీసి నీళ్ళలో ముంచి "చూడండి సార్, 40" అంటాడు. ఆ 40 నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, దాన్నే టీడీఎస్ అంటారు. సూక్ష్మజీవుల గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. మురిక్కాలవ నీళ్ళు ఒక చెంచాడు కలిపినా మీటరు మీద అంకె పెద్దగా కదలదు. తాగునీటిలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఫర్వాలేదని ఐఎస్ 10500 అంటుంది, వేరే నీళ్ళు దొరకని చోట 2000 వరకు ఒప్పుకుంటుంది. ప్యాక్ చేసి అమ్మే నీళ్ళకైతే కింది హద్దు కూడా ఉంది, 75. నలభై, ముప్ఫై అని గొప్పగా చూపించే నీళ్ళు ఆ లెక్కన హద్దు దాటి కిందికి పోయినట్టే.

ఇంకో గారడీ కూడా ఊళ్ళలో తిరుగుతుంది. రెండు గ్లాసుల్లో కుళాయి నీళ్ళు, ఆర్వో నీళ్ళు పోసి, లోహపు కడ్డీలున్న పెట్టె పెట్టి కరెంటిస్తారు. కుళాయి నీళ్ళు తుప్పు రంగుకి తిరుగుతాయి. ఇంట్లో ఆడవాళ్ళు హడలిపోతారు. ఆ రంగు నీళ్ళలోది కాదు, కరెంటుకి కడ్డీలోని ఇనుము కరిగి వచ్చింది. లవణాలున్న నీళ్ళలో కరెంటు పారుతుంది కాబట్టి ఇనుము కరుగుతుంది. ఆర్వో నీళ్ళలో లవణాలు చాలా తక్కువ కాబట్టి పెద్దగా ఏమీ జరగదు. ఆర్వో గ్లాసులో చిటికెడు ఉప్పేసి మళ్ళీ పెట్టమనండి, అమ్మకందారు ముఖం చూడొచ్చు.

క్యాన్ నిజంగా ప్రాణం పోసే చోట

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు, పాత ప్రకాశం జిల్లా కనిగిరి, దర్శి వైపు మాట వేరు, అక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి తొలి వైద్య నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, గత్యంతరం లేకపోతే 1.5. శాశ్వత దంతాల ఎనామిల్ పసితనం నుంచి దాదాపు ఎనిమిదేళ్ళ దాకా లోపల తయారవుతూ ఉంటుంది. ఆ వయసులో తాగిన ఫ్లోరైడే తర్వాత పళ్ళ మీద గారలా కనబడుతుంది, ఇంకా ఎక్కువైతే ఎముకల్లో చేరుతుంది. ఇలాంటి చోట బోరు నీళ్ళు కాచి పోయడం తప్పు. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. నైట్రేట్ సంగతీ అంతే. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన నల్గొండ పద్ధతి (పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కలియబెట్టి, తేరనిచ్చి వడకట్టడం) పనిచేస్తుంది గానీ ప్రతి ఇల్లూ రోజూ కొలతలు తప్పకుండా చేయగలిగేది కాదు. కాబట్టి ఆ ఊళ్ళలో నది నీళ్ళు ఇంకా సరిగ్గా అందని ఇళ్ళకి ఆర్వో క్యాన్ వంక లేకుండా కొనాల్సిన వస్తువు. వంటకి కూడా అవే వాడాలి. అన్నం, పప్పు ఉడికేటప్పుడు బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది.

కృష్ణా, గోదావరి నీళ్ళు శుద్ధి చేసి పైపులో ఇచ్చే చోట లెక్క తిరగబడుతుంది. అక్కడ ఫ్లోరైడ్ భయం లేదు, క్లోరిన్ కాపలా ఉంది, క్యాన్ ఖర్చు లేదు. లోపాలు లేవని కాదు. నీళ్ళు రోజులో కాసేపే వస్తాయి, మిగతా సమయం పైపు ఖాళీగా ఉంటుంది. పైపు పగిలిన చోట మురిక్కాలవ పక్కనే ఉంటే ఖాళీ పైపు ఆ మురికిని లోపలికి లాక్కుంటుంది. పైపుకి నేరుగా మోటారు బిగించేవాళ్ళు వీధిలో ఒకరున్నా ఈ లాగుడు రెట్టింపవుతుంది. తొలకరి వానలకి నీళ్ళ విరేచనాలు పెరగడం వెనక ఇదో కారణం. నీళ్ళు రాగానే మొదటి బకెట్టు తాగడానికి పట్టకండి, రంగు తేలే దాకా వదిలేయండి. వాసన నచ్చకపోతే స్టీలు గిన్నెలో పలచటి గుడ్డ కప్పి కాసేపు ఉంచితే తగ్గుతుంది.

ఇంటి ట్యాంకులోనే అనుమానముంటే 1000 లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ 2.5 గ్రాములు లెక్క. నేరుగా చల్లకండి. కొంచెం నీళ్ళతో ముద్దగా కలిపి, ఇంకొన్ని నీళ్ళు పోసి, సున్నం అడుక్కి దిగాక పైన తేరిన నీళ్ళు మాత్రమే ట్యాంకులో పోసి గంట ఆగాలి. తడి తగిలి గడ్డకట్టిన పౌడర్‌కి బలం ఉండదు. పంచాయతీ గదిలో ఏడాదిగా నోరు తెరిచి ఉన్న బస్తాలోది సున్నం కింద లెక్క.

ఆరు నెలల లోపు బిడ్డకి ఈ క్యాన్‌తో పనే లేదు

ఎండలు మండుతున్నా, వడగాలి కొడుతున్నా సరే. తల్లిపాలలో 87 శాతం పైగా నీళ్ళే. "గొంతు ఎండిపోతుందమ్మా, రెండు చుక్కలు పొయ్యి" అనే నాయనమ్మ మాట ప్రేమతో వచ్చిందే గానీ, ఆ రెండు చుక్కలతోపాటు గ్లాసు మురికి, చెంచా మురికి, చేతి మురికి కూడా వెళ్తాయి. పైగా చిన్న పొట్ట నీళ్ళతో నిండి పాలు తగ్గుతాయి. ఉగ్గుగిన్నెతో ఆముదం, వస అరగదీసి నాకించడం, తేనె చుక్క వెయ్యడం, చక్కెర నీళ్ళు పట్టడం, ఇవన్నీ ఈ ఆరు నెలల్లో మానేయాల్సినవే. వస అరగదీసే సానరాయిని చివరిసారి సబ్బుతో కడిగిందెప్పుడో అడిగి చూడండి.

పాలసీసా గురించి ఒక్క మాట. పీక మెడలోని మరల్లో పాలజిడ్డు చేరినంతగా చెంచాలో, చిన్న గ్లాసులో చేరదు. తల్లిపాలు చాలని బిడ్డకి పోతపాలు తప్పనిసరైతే గ్లాసు, చెంచాతోనే పట్టండి. రెంటినీ రోజుకోసారి మునిగేలా నీళ్ళు పోసి మరిగించండి.

ఆరు నెలలు దాటాక బిడ్డ తాగే నీళ్ళు కొంచెమే. అందుకే క్యాన్ నీళ్ళైనా, కుళాయి నీళ్ళైనా, బిడ్డ వాటా లీటరు విడిగా కాచుకోమంటాం. బుడగలు తెర్లి ఒక నిమిషం మరిగితే సరిపోతుంది, ఇరవై నిమిషాలు మరిగించి గ్యాస్ తగలేయక్కర్లేదు. కాచిన గిన్నెలోనే మూత పెట్టి చల్లారనివ్వండి. చల్లారాక చేయి తగిలిన సీసాలోకి వంచితే మళ్ళీ మొదటికే వస్తుంది. కాయడం కుదరని ఇంట్లో ఆశా కార్యకర్త ఇచ్చే క్లోరిన్ టాబ్లెట్ మంచి మందు, 0.5 గ్రాములది 20 లీటర్లకు ఒకటి. వేసి కలిపి అరగంటకి తక్కువ కాకుండా ఆగాలి. అవును, క్యాన్ నీళ్ళలో కూడా వేసుకోవచ్చు. పోయిన కాపలా తిరిగొస్తుంది.

అంగన్‌వాడీలో ఏడు నెలల నుంచి మూడేళ్ళ దాకా పిల్లలకి నెలకు 2.5 కిలోల బాలామృతం పిండి ప్యాకెట్టు ఇస్తారు. అది కలిపేది కూడా కాచిన నీళ్ళతోనే. పొద్దున్న ఒక్కసారే గిన్నెడు కలిపి సాయంత్రం దాకా తినిపించడమే చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. మన ఎండల్లో రెండు గంటలు దాటితే కలిపిన పిండిలో, మెత్తటి అన్నంలో సూక్ష్మజీవులు విపరీతంగా పెరుగుతాయి. ఎంగిలి చెంచా తగిలిందంటే ఇంకా తొందరగా. పూటకి కావలసినంతే కలపండి, మిగిలింది పెద్దవాళ్ళు తినేయండి.

నీళ్ళు బాగున్నా పిల్లాడు ఎందుకు ఎదగడు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. వీధికో ప్లాంటు వెలిశాక తీసిన లెక్కలే ఇవి.

ఈ విషయం మీద పెద్ద పరిశోధనలు జరిగింది బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వే పల్లెల్లో. బంగ్లాదేశ్‌లో కొన్ని ఇళ్ళకి క్లోరిన్ టాబ్లెట్లు, మూత ఉన్న ఇరుకు మూతి పాత్రలు ఇచ్చారు. కొన్ని ఇళ్ళకి మరుగుదొడ్డి బాగుచేసి ఇచ్చారు, కొన్నిటికి చేతులు కడుక్కునే ఏర్పాటు, కొన్నిటికి పిల్లల పోషకాహారం. 2018లో ఫలితాలొచ్చాయి. మరుగుదొడ్డి, చేతులు కడగడం, పోషకాహారం, ఈ మూడింటిలో ఏది ఇచ్చినా విరేచనాలు తగ్గాయి. నీళ్ళు మాత్రమే బాగుచేసిన ఇళ్ళలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎత్తు విషయానికొస్తే మూడు దేశాల్లోనూ ఒకటే మాట: నీళ్ళు, దొడ్డి, సబ్బు ఇచ్చినంత మాత్రాన పిల్లలు పొడుగు పెరగలేదు. తిండి మెరుగుపరిచిన చోటే కొంత పెరిగారు. జింబాబ్వేలో, తిండి సలహాతోపాటు రోజుకు 20 గ్రాముల పోషకాహార ముద్ద ఇచ్చిన ఇళ్ళలో పొట్టిగా ఉండిపోయిన పిల్లలు 35 శాతం నుంచి 27 శాతానికి తగ్గారు.

దీన్ని "నీళ్ళు ఎలా ఉన్నా ఫర్వాలేదు" అని చదువుకుంటే పొరపాటు. ఆ ఇళ్ళలో చేసిన మార్పులు బిడ్డ నోట్లోకి పోయే మురికిని తగినంతగా ఆపలేకపోయాయన్నది చాలామంది నిపుణుల అంచనా. పాకే బిడ్డ రోజంతా నేల మీదే ఉంటుంది. మట్టి నోట్లో పెట్టుకుంటుంది, కోడి రెట్ట దొరికితే దాన్నీ వదలదు. జింబాబ్వే పల్లెల్లో గంటల తరబడి కనిపెట్టి చూసినవాళ్ళు ఇది కళ్ళారా రాసుకున్నారు. మన పెరళ్ళలోనూ కోళ్ళు వంటింటి గడప దాకా వస్తాయి కదా. ఇలా రోజూ కొంచెం కొంచెంగా మలంలోని బాక్టీరియా లోపలికి పోతుంటే విరేచనాలు కనబడకపోయినా పేగు దెబ్బతింటుంది. స్కూల్లో చదువుకున్న ఆంత్ర చూషకాలు, తిన్నది పీల్చుకునే ఆ సన్నటి నూగు, అరిగి పొట్టివవుతుంది. పేగు గోడ సందులిస్తుంది, ఒంట్లో ఎప్పుడూ సన్నగా వాపు నడుస్తుంటుంది. తిన్న గుడ్డులో సగం ఆ వాపుతో పోరాడ్డానికే పోయినట్టు అవుతుంది.

కాబట్టి ఆ 300 రూపాయల మాటకొద్దాం. మంచి కుళాయి నీళ్ళున్న ఇంట్లో ఆ డబ్బు క్యాన్ మీద కంటే రోజుకో గుడ్డు మీద, రెండు సబ్బుల మీద, పాకే బిడ్డకి రోజూ ఉతుక్కునే చాప మీద, కోళ్ళకి చిన్న జాలీ గంప మీద పెడితే లాభం ఎక్కువ.

సబ్బు గురించి కొత్తగా చెప్పేదేముంది అనుకుంటారు గానీ, చేతులు కడిగే అలవాటు పిల్లల విరేచనాల్ని దాదాపు 30 శాతం తగ్గిస్తుందని పరిశోధనలన్నీ కలిపి చూసిన లెక్క. ముఖ్యమైన సందర్భాలు: దొడ్డికి వెళ్ళొచ్చాక, బిడ్డకి కడిగాక, వంట మొదలెట్టే ముందు, తినిపించే ముందు. సబ్బు బాత్రూం అలమరలో ఉంటే ఇవేవీ జరగవు, వంటింటి కుళాయి దగ్గర ఒకటి, పెరట్లో ఒకటి ఉండాలి. బిడ్డ చేతులూ కడగండి, నేల మీద ఆడిన చేతులవే కదా.

పసిపిల్లల దొడ్డి "పాలే కదా, ఏం కాదు" అని పెంటకుప్పలోనో కాలవలోనో వేయడం ఇంకా మామూలుగానే ఉంది. వ్యాధికారక సూక్ష్మజీవులు అందులోనూ పెద్దవాళ్ళ మలంలో ఉన్నట్టే ఉంటాయి. ప్లాస్టిక్ పాటీ కొని, అందులోది మరుగుదొడ్డిలో పోసి, కడిగిన నీళ్ళు కూడా అక్కడే పోయండి. లంగోటీ ఉతికిన నీళ్ళూ అంతే, అంట్లు తోమే చోట పారబోయకండి.

విరేచనాలు తెచ్చే రోటా వైరస్ మాత్రం ఇంత శుభ్రంగా ఉన్న ఇంట్లోకీ వస్తుంది. దానికి టీకా ఉంది, ఆరు, పది, పద్నాలుగు వారాలకు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. 2016లో దేశంలో ముందుగా మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మోషన్స్ పట్టుకున్న రోజు

లీటరు నీళ్ళకి డబ్ల్యూహెచ్‌ఓ ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసుకి కొంచెం చొప్పున చల్లుకుంటే ఉప్పు ఎక్కువో తక్కువో అయి మేలు బదులు కీడు చేస్తుంది. కాచి చల్లార్చిన క్యాన్ నీళ్ళు దీనికి భేషుగ్గా ఉంటాయి. 24 గంటలు దాటితే మిగిలింది పారబోయండి. రెండేళ్ళలోపు బిడ్డకి ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో మెల్లగా. కక్కేస్తే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలెట్టాలి. జింక్ 14 రోజులు: ఆరు నెలలు దాటిన బిడ్డకి రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్ళకి 10. మోషన్స్ తగ్గగానే జింక్ ఆపేయడం అందరూ చేసే తప్పు. తల్లిపాలు, తిండి ఆపకూడదు.

మందుల షాపులో అట్టపెట్టెల్లో తియ్యగా ఉండే పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని ఆదేశమిచ్చింది. వాటిలో చక్కెర ఎక్కువ, అది విరేచనాల్ని పెంచుతుంది. కళ్ళు గుంటలు పడినా, మూత్రం ఆగినా, రక్తం పడినా, తాగలేక మగతగా ఉన్నా ఇంట్లో ఉంచకండి.

మీ క్యాన్‌ని మీరే పరీక్షించుకోవాలంటే

టీడీఎస్ మీటరు పక్కన పెట్టి నీళ్ళలో మలం తాలూకు బాక్టీరియా ఉందేమో చూపించే హెచ్‌టూఎస్ పరీక్ష సీసాలు మూడు తెచ్చుకోండి. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్ళకిచ్చిన పరీక్ష కిట్లలో ఉంటాయి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. ఒకదాన్లో ప్లాంటు కుళాయి నీళ్ళు, రెండోదాన్లో ఇంట్లో డిస్పెన్సర్ కుళాయి నీళ్ళు, మూడోదాన్లో బిడ్డ తాగే గ్లాసులోవి గీత దాకా పోసి, లోపలి భాగానికి వేలు తగలకుండా మూత బిగించండి. ఏది ఎక్కడిదో రాసి, గది వేడిలో నీడన 24 నుంచి 48 గంటలు ఉంచండి. నల్లబడితే ఆ నీళ్ళలో మలం తాలూకు బాక్టీరియా ఉండే అవకాశముంది.

మూడూ నల్లబడితే ప్లాంటు మార్చండి. మొదటిది తేటగా ఉండి రెండోది నల్లబడితే తప్పు క్యాన్‌దో డిస్పెన్సర్ కుళాయిదో: డిస్పెన్సర్ విప్పి కడిగి మళ్ళీ పరీక్ష పెడితే ఏదో తేలిపోతుంది. మూడోది ఒక్కటే నల్లబడితే క్యాన్ వాడిని తిట్టి లాభం లేదు, గ్లాసు, చేతులు చూసుకోవాలి. వానాకాలం మొదట్లో ఒకసారి, నడుమ ఒకసారి చేస్తే చాలు. నల్లబడిన సీసాలో పెరిగినవి బతికున్న సూక్ష్మజీవులు కాబట్టి పిల్లలకి అందనివ్వకండి. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళు పోసి గంట ఆగి మరుగుదొడ్డిలో ఒంపేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి.